బార్సిలోనాలో భోజనం 2 గంటలకే ఎందుకు?

బార్సిలోనా నగరం గ్రీన్విచ్ రేఖకు తూర్పున కేవలం 2 డిగ్రీల పైచిలుకు దూరంలో ఉంది. సూర్యుడి లెక్కన చూస్తే అక్కడి గడియారం లండన్ గడియారంతో కలిసి నడవాలి. కానీ నడవదు. 1940 మార్చి 16న నియంత ఫ్రాంకో ప్రభుత్వం స్పెయిన్ గడియారాలను గంట ముందుకు జరిపి బెర్లిన్ సమయంతో కలిపింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసింది, 1975లో ఫ్రాంకో పోయాడు, జరిపిన గంట మాత్రం వెనక్కి రాలేదు. దానికి తోడు వేసవిలో యూరప్‌లో చాలా దేశాలు కలుపుకునే మరో గంట. అందుకే జులైలో బార్సిలోనాలో సూర్యుడు నడిమింటికి చేరేసరికి గోడ గడియారంలో 2 కావస్తుంటుంది. జూన్ నెలాఖరులో పొద్దు గూకేది రాత్రి దాదాపు తొమ్మిదిన్నరకు.

స్పెయిన్ వాళ్లు ఆలస్యంగా తింటారని అందరూ అంటుంటారు. వేసవి ఎండను చూసి లెక్క కడితే వాళ్లు తినేది సరిగ్గా మిట్టమధ్యాహ్నమే. మధ్యధరా తీరంలోని ఈ నగరానికి మూడు రోజులు పోయి రావాలనుకునేవాళ్లు మొట్టమొదట తెలుసుకోవలసింది ఇదే అని నా అభిప్రాయం. ఇక్కడ ఎంత ఖర్చవుతుంది, ఎంత చూస్తాం, ఎంత బాగా తింటాం అన్నవి మనం ఎన్ని గంటలకు ఎక్కడ ఉన్నామన్న దానిమీద ఆధారపడతాయి. కింద చెప్పే ధరలన్నీ 2025 నాటివి. యూరో వంద రూపాయలు దాటింది గానీ, నోటి లెక్కకు వంద అనుకుంటే సరిపోతుంది.

ముందు మన కడుపు గడియారం సంగతి. వేసవిలో బార్సిలోనా మనకన్నా మూడున్నర గంటలు వెనక, చలికాలంలో నాలుగున్నర. హైదరాబాద్‌లో ఒంటిగంటకు అన్నం తినే మనిషికి అక్కడ దిగిన మర్నాడు ఉదయం తొమ్మిదిన్నరకే ఆకలి దంచుతుంది. కంగారు పడనక్కర్లేదు, ఆ వేళకు తగ్గ తిండి కూడా అక్కడ ఉంది. తొమ్మిది నుంచి పదకొండు మధ్య పాతకాలపు బార్లలో ఫోర్కుతో తినే గట్టి టిఫిన్ పెడతారు. కాల్చిన సాసేజీ, తెల్ల చిక్కుడు గింజలు, గంటల తరబడి ఉడికిన మాంసం కూరలు. పని చేసుకునేవాళ్ల తిండి అది, మార్కెట్ల చుట్టుపక్కల ఇప్పటికీ బతికే ఉంది. మాంసం తిననివాళ్లకు బంగాళాదుంప ఆమ్లెట్టు ముక్క, కాఫీ దొరుకుతాయి. కాఫీ, చిన్న ఫలహారం కలిపి 5 యూరోలలో తేలిపోతుంది.

ఇక అసలు భోజనం. వారపు రోజుల్లో మధ్యాహ్నం 1 నుంచి 4 వరకు మామూలు హోటళ్ల బయట పలక మీద సుద్దతో ఆనాటి వంటలు రాసి పెడతారు. దీన్ని మెను దెల్ దియా అంటారు. 1964–65లో, పర్యటక శాఖను మాన్యుయల్ ఫ్రాగా చూస్తున్న రోజుల్లో, సందర్శకులకు అందుబాటు ధరలో పూర్తి భోజనం పెట్టాలని ప్రభుత్వం హోటళ్లకు పెట్టిన నిబంధన నుంచి ఇది పుట్టింది. పర్యటకుల కోసం మొదలైన ఏర్పాటు చివరికి ఊళ్లో ఉద్యోగుల రోజువారీ భోజనంగా స్థిరపడింది. మొదటి వంటకం ఒకటి, రెండోది ఒకటి, చివర తీపి గానీ కాఫీ గానీ. రొట్టె, ఒక పానీయం అందులోనే. 14 నుంచి 18 యూరోల మధ్య దొరికితే మంచి బేరం. ఇవే వంటలు రాత్రి విడివిడిగా చెప్పుకుంటే చాలాచోట్ల దీనికి రెట్టింపు దాకా పోతుంది. అందువల్ల పెద్ద భోజనం మధ్యాహ్నం, చిన్నది రాత్రి అని పెట్టుకుంటే ఒక్క మార్పుతో మూడు రోజుల తిండి ఖర్చు బాగా తగ్గుతుంది.

2 గంటలకు వెళ్లడంలో ఇంకో లాభముంది. మీ చుట్టూ బల్లల దగ్గర కూర్చునేది పక్క వీధి ఆఫీసు వాళ్లు, దుకాణాల వాళ్లు. వాళ్లు రోజూ వచ్చే హోటల్లో వంట పాడుగా ఉండదు. పన్నెండున్నరకే వేడి వేడి పాయెయా పెడతామని రాంబ్లా వీధిలో బొమ్మల మెనూ చేతికిచ్చే చోట మాత్రం ఊరివాళ్లు కనిపించరు. పాయెయా నిజానికి వాలెన్సియా వంట. బార్సిలోనాలోనూ బాగా వండేవాళ్లున్నారు, కానీ అది మధ్యాహ్నం తినే అన్నం. ఇద్దరికి తక్కువ చేయరు, చెప్పాక కనీసం 20 నిమిషాలు పడుతుంది. అయిదు నిమిషాల్లో వచ్చిందంటే అప్పుడు వండింది కాదు.

రొట్టె గురించి ఒక మాట. బార్సిలోనా ఉన్న కతలోనియా ప్రాంతంలో బల్లమీదికి వచ్చే టమోటా రొట్టె తయారవడం దగ్గర నుంచి చూడాలి. కాల్చిన రొట్టె ముక్క గరుకుగా ఉంటుంది. బాగా పండిన టమోటాను అడ్డంగా కోసి, కోసిన వైపు ఆ గరుకు మీద గట్టిగా రుద్దుతారు. గుజ్జంతా రొట్టెలోకి దిగిపోయి చివరికి వేళ్ల మధ్య తొక్క ఒక్కటే మిగులుతుంది. పైన ఆలివ్ నూనె ధార, చిటికెడు ఉప్పు. కొందరు టమోటాకన్నా ముందు వెల్లుల్లి రెబ్బ రుద్దుతారు. ఇంతే వంట. కొన్నిచోట్ల రొట్టె, టమోటాలు, వెల్లుల్లి విడిగా తెచ్చి పెడతారు, రుద్దుకోవడం మన పని.

శాకాహారులు జాగ్రత్త పడవలసిన చోట్లు కొన్ని ఉన్నాయి. ‘వెజితల్’ అని రాసి ఉన్న సాండ్‌విచ్‌లో చాలాసార్లు ట్యూనా చేప, గుడ్డు ఉంటాయి. ఎండుద్రాక్ష, పైన్ గింజలు వేసి వేయించిన పాలకూర కతలోనియా వాళ్ల సొంత వంట, చాలా బాగుంటుంది, కానీ కొందరు అందులో పంది మాంసం ముక్కలు చల్లుతారు. పప్పు, చిక్కుడు కూరల్లోనూ అంతే. ‘సిన్ కార్నె, ని పెస్కాదొ, ని హమోన్’ అని అడగాలి. మాంసం, చేప, హామ్ మూడూ వద్దని విడివిడిగా చెప్పడమే క్షేమం, ఎందుకంటే హామ్‌ను మాంసం లెక్కలో వేయనివాళ్లు ఉంటారు. నిశ్చింతగా తినగలిగేది ఎస్కలివాడా. వంకాయ, ఎర్ర కాప్సికం నిప్పుమీద నల్లబడేదాకా కాల్చి, తొక్క తీసి, నూనె పోసి పెడతారు. మన కాల్చిన వంకాయ పచ్చడిలో కారం, పులుపు తీసేస్తే ఎలా ఉంటుందో ఇంచుమించు అలా ఉంటుంది. పైన ఆంచోవీ చేప వేయొద్దని చెప్పడం మరవకండి. నీళ్ల సీసాకు డబ్బు పెట్టనక్కర్లేదు. 2022లో వచ్చిన 7వ నంబరు చట్టం ప్రకారం స్పెయిన్ హోటళ్లు అడిగినవాళ్లకు కుళాయి నీళ్లు ఉచితంగా ఇవ్వాలి. మెనూలో వేసిన ధరలో 10 శాతం పన్ను కలిసే ఉంటుంది. టిప్పు మన ఇష్టం. వీధి బల్లల దగ్గర కూర్చుంటే మాత్రం లోపలికన్నా ధర ఎక్కువ ఉండొచ్చు, ఆ సంగతి మెనూలో రాసి ఉంటుంది.

చూడవలసిన వాటిలో సగ్రదా ఫమీలియా చర్చి దగ్గర కాస్త ఎక్కువ సేపు ఆగాలి. అంకెలు తెలిస్తే ఆ గుడి ఇంకా బాగా కనిపిస్తుంది. 1882 మార్చి 19న శంకుస్థాపన. మరుసటేడు పని వాస్తుశిల్పి ఆంటొని గౌడీ చేతికొచ్చింది, అప్పటికి ఆయనకు 31 ఏళ్లు. 43 ఏళ్లు కట్టి, పూర్తయిన గోపురం ఒక్కటి మాత్రమే చూసుకున్నాడు. 1926 జూన్ 7న ట్రామ్ గుద్దింది. మాసిన బట్టలు చూసి బిచ్చగాడనుకున్నారు. మూడు రోజులకు పేదల ఆసుపత్రిలో కన్నుమూశాడు. ఆయన సమాధి ఆ గుడి నేలమాళిగలోనే ఉంది.

ప్రణాళికలో గోపురాలు 18: అపొస్తలులకు 12, సువార్తికులకు 4, మరియమ్మకు ఒకటి, యేసుకు ఒకటి. యేసు గోపురం ఎత్తు 172.5 మీటర్లు. ఊరి పక్కనున్న మొంజుయిక్ కొండకన్నా కాస్త తక్కువగా ఉండాలని గౌడీ పట్టుబట్టాడు, దేవుడు చేసిన దానికన్నా మనిషి చేసింది ఎత్తుగా ఉండకూడదని. 2025 అక్టోబరులో కట్టడం 162.91 మీటర్లకు చేరి, జర్మనీలోని ఉల్మ్ చర్చి (161.53 మీటర్లు) రికార్డు దాటి ప్రపంచంలోకెల్లా ఎత్తయిన చర్చి అయింది. ఇంకో అంకె విన్నప్పుడు నమ్మశక్యం కాదు. ఈ కట్టడానికి నగరపాలక సంస్థ అనుమతి వచ్చింది 2019లో. గౌడీ 1885లో పెట్టిన దరఖాస్తుకు జవాబే రాలేదు. పని మొదలైన 137 ఏళ్లకు కాగితం చేతికందింది.

పడమటి వైపు శిల్పాల్లో 16 గళ్ల చదరం ఒకటి ఉంది. అడ్డంగా, నిలువుగా, మూలల మీదుగా ఎలా కూడినా 33 వస్తుంది, అది యేసు మరణించిన వయసు. పిల్లలతో వెళ్లేవాళ్లు వాళ్లచేత కూడించండి. ఆ గోడ దగ్గర పావుగంట ఇట్టే గడిచిపోతుంది.

టికెట్టు 26 యూరోలు, గోపురం ఎక్కితే 36. ఆన్‌లైన్‌లో తప్ప అమ్మరు, దాదాపు రెండు నెలల ముందు నుంచి దొరుకుతాయి. ఏడాదికి 48 లక్షల మంది వచ్చే చోటు కాబట్టి మంచి గంటలు ముందే అయిపోతాయి. ఆ మంచి గంటలేవో చెప్పడానికి మళ్లీ సూర్యుడి దగ్గరికే రావాలి. ఈశాన్యం వైపు అద్దాలు నీలం, ఆకుపచ్చ. నైరుతి వైపువి నారింజ, ఎరుపు. ఉదయం 9 గంటల టికెట్టు కొంటే 45 మీటర్ల ఎత్తున్న లోపలి స్తంభాల మీద నీటి రంగు వెలుగు పడుతుంది. సాయంత్రం ఎండ వాలాక అవే స్తంభాలు నిప్పు రంగుకు మారతాయి. డిసెంబరులో ఆ వెలుగు 3 గంటలకే వస్తుంది, జూన్‌లో 6 దాటాక. చలికాలంలో గుడి 6 గంటలకు, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా 8 గంటలకు మూస్తారు. మధ్యాహ్నం ఒంటిగంటకు టికెట్టు కొన్నవాళ్లకు జనం తప్ప ఈ రెండు వెలుగుల్లో ఏదీ దక్కదు. ఆ వేళ భోజనానికి దగ్గరది కూడా. కాబట్టి పొద్దునో సాయంత్రమో ఎంచుకోండి.

గుడి నుంచి ఊరి నడిబొడ్డుకు నడిచే పోవచ్చు, దూరం లెక్క పెట్టుకోవడానికి ఫోన్ అక్కర్లేదు. 1854లో పాత కోటగోడలు కూల్చడం మొదలయ్యాక ఇల్దెఫోన్స్ సెర్దా అనే ఇంజినీరు 1859లో కొత్త నగరానికి గీసిన నక్షా ఇప్పటికీ నేలమీద అలాగే ఉంది. ఒక్కో చదరపు బ్లాకు పక్క 113.3 మీటర్లు, నాలుగు మూలలూ నరికినట్టు కోసి ఉంటాయి, వీధి వెడల్పు సాధారణంగా 20 మీటర్లు. అంటే ఒక బ్లాకు, ఒక వీధి దాటితే 133 మీటర్లు. ఏడున్నర బ్లాకులు నడిస్తే కిలోమీటరు. సగ్రదా ఫమీలియా నుంచి గౌడీ రూపు మార్చిన కాసా బట్యో భవనానికి రెండు కిలోమీటర్ల లోపే. కాసా బట్యో లోపలికి పోవాలంటే గుడికన్నా ఎక్కువ టికెట్టు. బయటి గోడ చూడడానికి డబ్బులక్కర్లేదు, దాని అందంలో సగానికి పైగా ఆ గోడమీదే ఉంది.

మరో కొండమీదున్న పార్క్ గ్వెల్ టికెట్టు 10 యూరోల నుంచి 2025లో 18కి పెరిగింది. 2013 అక్టోబరు దాకా అందరికీ ఉచితం. ధనికుల కోసం 60 ఇళ్ల కాలనీగా 1900లో మొదలుపెట్టారు. అమ్ముడుపోలేదు, రెండు ఇళ్లే లేచాయి, చివరికి ఊరి ఉద్యానవనమైంది. ఉదయం తొమ్మిదిన్నర దాకా అది చుట్టుపక్కల నివాసులకే. ఆ నియమం నాకు న్యాయంగానే తోస్తుంది. అక్కడి 116 నంబరు చిన్న బస్సు కథ వింటే మీకూ తోస్తుంది. ఇరుకు వీధుల్లో పైకెక్కే ఆ బస్సు ముసలివాళ్లకు ఆధారం. గూగుల్ మ్యాప్స్ చూసుకుని వచ్చే సందర్శకులతో నిండిపోయి వాళ్లకు సీటు దొరకలేదు. నివాసులు ఏళ్ల తరబడి మొర పెట్టుకోగా, నగరపాలక సంస్థ కోరికమీద 2024లో ఆ బస్సును మ్యాప్స్‌లోంచి తీసేశారు. వాళ్లకు మళ్లీ కూర్చునే చోటు దొరికింది.

పాత ఊరి వీధుల్లో తిరగడానికి ఖర్చే లేదు. కెథడ్రల్ వసారాలో 13 తెల్ల బాతులు తిరుగుతుంటాయి, పదమూడేళ్లకే హతమైన సంత యులాలియా గుర్తుగా. వెనక పారదీస్ వీధిలో ఒక ఇంటి లోపలి ఆవరణలో రోమన్ల కాలపు అగస్టస్ గుడి స్తంభాలు నాలుగు నిలబడి ఉన్నాయి, రెండువేల ఏళ్ల నాటివి. లోపలికి ఉచితం. గుమ్మం ముందు నేలలో పరిచిన తిరగలి రాయి ఆ పాత ఊరికి శిఖరం: సముద్రమట్టానికి 16.9 మీటర్లు. అక్కణ్నుంచి కాస్త దూరంలో సంత మరియ దెల్ మార్ చర్చి. 1329లో మొదలై 1383లో పూర్తయింది. ఆ రాళ్లను మొంజుయిక్ కొండ నుంచి రేవు హమాలీలు మోసుకొచ్చారు. తలుపుల మీద మూటలు మోస్తున్న ఆ మనుషుల బొమ్మలు ఇప్పటికీ చూడొచ్చు. నా మటుకు బార్సిలోనాలో అన్నిటికన్నా గొప్ప లోపలి చోటు ఇదే, గౌడీ గుడికన్నా కూడా. మ్యూజియాలకూ ఉచిత గంటలున్నాయి. పికాసో మ్యూజియం గురువారం సాయంత్రాలు, నెల మొదటి ఆదివారం (చోటు ముందే బుక్ చేసుకోవాలి). మొంజుయిక్ మీది జాతీయ కళా మ్యూజియం శనివారం 3 దాటాక.

రవాణాకు టి-కాజువల్ అనే 10 ప్రయాణాల కార్డు 12.55 యూరోలు. విడి టికెట్టు 2.65. కార్డు ఒకరికే పనికొస్తుంది, ఇద్దరు పంచుకోకూడదు. విమానాశ్రయం మెట్రో స్టేషన్లలో ఈ కార్డు చెల్లదు, రెండో టెర్మినల్ నుంచి బయల్దేరే ఆర్2 నార్డ్ రైల్లో చెల్లుతుంది. ఒకటో టెర్మినల్‌లో దిగితే అక్కడికి ఉచిత బస్సుంది. రైలు అరగంటకొకటి. జేబుదొంగల బెడద నిజం, ముఖ్యంగా మెట్రో తలుపుల దగ్గర, రాంబ్లా మీద. ఫోన్ బల్లమీద పెట్టి తినకండి.

మూడు రోజులకు ఒక మనిషి లెక్క: సగ్రదా 26, గ్వెల్ 18, కార్డు 12.55, మధ్యాహ్న భోజనాలు మూడు 48, రాత్రి చిరుతిళ్లు మూడు పూటలు 54, ఉదయాలు 15, మూడు నక్షత్రాల హోటల్లో మూడు రాత్రుల పర్యటక పన్ను 15. మొత్తం 188.55 యూరోలు, సుమారు 19 వేల రూపాయలు. గది, విమానం వేరు. స్పెయిన్ వెళ్లడానికి కావలసిన షెంజెన్ వీసా రుసుము 90 యూరోలు, 6 నుంచి 11 ఏళ్ల పిల్లలకు 45, బీమా కనీసం 30 వేల యూరోలకు ఉండాలి. దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, 15 రోజుల ముందు గడువు. వీసా చేతికొచ్చాకే గుడి టికెట్టు కొనండి.

పైన చెప్పిన పర్యటక పన్నులో 2025లో రాత్రికి 4 యూరోలు నగరం వాటా. దీన్ని తప్పుపట్టలేం. ఊళ్లో ఉండేది 17 లక్షల మంది. 2024లో అక్కడ రాత్రి బస చేసినవాళ్లు కోటిన్నర. పదేళ్లలో ఇళ్ల అద్దెలు 68 శాతం పెరిగాయని మేయర్ జౌమె కొల్బోని చెప్పారు. సందర్శకులకు అద్దెకిచ్చే 10,101 ఫ్లాట్ల లైసెన్సులను 2028 నవంబరుకల్లా ముగిస్తామని 2024 జూన్‌లో ప్రకటించారు. మరుసటి నెలలోనే వీధుల్లో నిరసన ఊరేగింపు జరిగింది, హోటళ్ల బయట తింటున్నవాళ్ల మీద నీళ్ల తుపాకులతో చిమ్మారు. ఆ కోపం వెనకున్నది ఇల్లు దొరకని బాధ.

ఈ ఊరితో తెలుగువాళ్లకు ఒక రుణానుబంధం కూడా ఉంది. అనంతపురం జిల్లాలో గ్రామీణాభివృద్ధి సంస్థను (ఆర్‌డీటీ) 1969లో నెలకొల్పిన విన్సెంట్ ఫెర్రర్ 1920లో బార్సిలోనాలో పుట్టాడు. 1952లో భారతదేశానికి వచ్చి, 2009లో అనంతపురంలోనే కన్నుమూశాడు. బత్తలపల్లి ఆసుపత్రి, పల్లెల్లో పక్కా ఇళ్లు, బడులు — వీటి వెనక నెలనెలా కొంత పంపిన వేలాది స్పెయిన్ కుటుంబాల డబ్బుంది. అనంతపురం అనే పేరు తెలిసిన మనుషులు ఆ ఊళ్లో మీకు తారసపడే అవకాశం నిజంగానే ఉంది.

అలాంటి ఊరికి వెళ్తున్నాం కనుక ఒక్క పని తప్పకుండా చేయండి. హోటల్ కాకుండా ఫ్లాట్ తీసుకుంటే ప్రకటనలో హెచ్‌యూటీబీ అక్షరాలతో మొదలయ్యే లైసెన్సు నంబరుందో లేదో చూడండి. లేకపోతే ఎంత చవకైనా అది వద్దు. వారపు రోజు చూసుకుని వెళ్లండి, 2 గంటలకు ఊరివాళ్ల పక్క బల్ల దగ్గర కూర్చుని తినండి, 116 బస్సు ఆ ముసలివాళ్లకు వదిలేసి కొండ నడిచి ఎక్కండి.